క్లైమాక్స్ ముందే తెలిసిపోయిన సైఫై నవల రాయడం ఎలా

హీరోకి తను ఎప్పుడు చస్తాడో తెలుసు, పాఠకుడికీ మొదటి పేజీలోనే తెలిసిపోయింది, ఇంకా 300 పేజీలున్నాయి. వాటిల్లో ఏం రాస్తారు? తలరాత, విధి, ముందే తెలిసిన భవిష్యత్తు అంటూ సైఫై మొదలుపెట్టేవాళ్ళు చాలామంది ఇక్కడే ఆగిపోతారు, ఆగనివాళ్ళు ఎలాగోలా లాక్కొచ్చి చివర్లో "ఇదంతా ఇంకో టైమ్‌లైన్‌లో జరిగింది" అని చేతులు దులుపుకుంటారు. ఇలాంటి కథలు బాగా రాసినవాళ్ళు ఏం చేశారో కొంచెం దగ్గరగా చూస్తే మనకీ పని నడుస్తుంది. స్పాయిలర్లు చాలా ఉంటాయి, ముందే చెప్తున్నా, క్లైమాక్స్ ముందే తెలిసిన కథల గురించి కాబట్టి మీరు ఏమనుకోరనే అనుకుంటున్నా.

నా మట్టుకి అసలు విషయం ఒకటే. "విధిని మార్చగలమా లేదా" అన్నదే కథ అనుకుని కూర్చుంటే కథ అయిపోయినట్టే, దానికి జవాబు అయితే అవును లేకపోతే కాదు, ఏదైనా ఒక పేజీలో తేలిపోతుంది. నవలంతా నిలబడేది తెలిసిన ముక్కకీ అర్థమైన ముక్కకీ మధ్యలో ఉన్న ఖాళీ మీద. ఎవరికి తెలిసింది, ఎంత తెలిసింది, ఏ రూపంలో తెలిసింది, తెలిసినందుకు వాడు ఏం పోగొట్టుకున్నాడు. కింద చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు రూల్ ఫిక్స్ చేసుకోండి

మీ కథాలోకంలో భవిష్యత్తు ఎలాంటిది అనేది మొదటి డ్రాఫ్ట్ కన్నా ముందే తేల్చుకోవాలి, రాస్తూ రాస్తూ చూద్దాంలే అనుకుంటే సగంలో పట్టాలు తప్పుతుంది. స్థూలంగా మూడు దారులు.

ఒకటి, జరిగేది జరిగి తీరుతుంది, ఎవడూ వెంట్రుక కూడా కదపలేడు. దీనికి వెనక సైన్సు వైపు నుంచి గట్టి ఆలోచనే ఉంది. 1814లో లాప్లాస్ అనే ఫ్రెంచి గణిత శాస్త్రవేత్త అన్నాడు, ఈ క్షణంలో విశ్వంలోని ప్రతి కణం ఎక్కడుందో, వాటిమీద ఏ బలాలు పనిచేస్తున్నాయో మొత్తం తెలిసిన మేధ ఒకటి ఉంటే దానికి గతమూ భవిష్యత్తూ రెండూ ఒకేలా కనిపిస్తాయని. టైమ్ ట్రావెల్ కథలకైతే ఇంకా పనికొచ్చేది నోవికోవ్ అనే రష్యన్ ఫిజిసిస్టు చెప్పిన సూత్రం, గతంలోకి వెళ్ళినా అప్పటికే జరిగినదానితో పొసిగేవే జరుగుతాయి తప్ప పొసగనిది ఏదీ జరగదు అని. దీనిమీద పోల్చిన్‌స్కీ అనే ఇంకో ఫిజిసిస్టు ఒక చిక్కు ప్రశ్న వేశాడు, ఒక బిలియర్డ్స్ బంతి వర్మ్‌హోల్లో (స్థలకాలాల్లో అడ్డదారి లాంటి సొరంగం) దూరి కాస్త గతంలోకి బయటికొచ్చి, లోపలికి వెళ్ళబోతున్న తనని తానే గుద్ది దారి మళ్ళిస్తే? మళ్ళిస్తే లోపలికి వెళ్ళలేదు, వెళ్ళకపోతే గుద్దేదెవరు? 1991లో కిప్ థోర్న్ అనే ఫిజిసిస్టుతో కలిసి ఎచెవెరియా, క్లింక్‌హామర్ లెక్కలు వేసి చూస్తే పొసిగే జవాబులు దొరికాయి. బంతి నేరుగా గుద్దదు, పక్కగా రాసుకుంటూ పోతుంది, ఆ రాపిడి వల్లే మొదటి బంతి కొంచెం వంకరగా వర్మ్‌హోల్లోకి వెళ్తుంది, వంకరగా వెళ్ళింది కాబట్టే బయటికొచ్చాక నేరుగా తగలకుండా రాసుకుపోతుంది. ఈ బంతి కథని రెండు మూడు సార్లు నెమ్మదిగా చదవండి, మొదటి రకం ప్లాట్ మొత్తం ఇందులోనే ఉంది. ఆపడానికి చేసిన ప్రయత్నం ఫెయిల్ అవడం కాదు, ఆ ప్రయత్నమే కారణం అయిపోవడం.

రెండు, భవిష్యత్తు మారుతుంది. కనిపించింది ఒక హెచ్చరిక మాత్రమే. స్టీఫెన్ కింగ్ 'ది డెడ్ జోన్' (1979) ఇలాంటిది, జానీ ఒక రాజకీయ నాయకుడికి షేక్‌హ్యాండ్ ఇస్తే వాడు ప్రెసిడెంట్ అయ్యి అణుయుద్ధం తెస్తాడని కనిపిస్తుంది, జానీ రైఫిల్ పట్టుకుని వెళ్తాడు, గురి తప్పుతుంది, కానీ కాల్పులప్పుడు ఆ నాయకుడు ఒక చిన్నపిల్లాడిని అడ్డం పెట్టుకోవడం ఎవరో ఫోటో తీసేస్తారు, ఇక వాడి రాజకీయం అక్కడితో ఖతం. మార్చడం కుదిరింది కానీ హీరో అనుకున్న పద్ధతిలో కుదరలేదు, ప్రాణం కూడా పోయింది. రెండో రకం రాసేవాళ్ళు ఆ వంకర చూసుకోవాలి, హీరో అనుకున్నది అనుకున్నట్టు చేసి భవిష్యత్తు మార్చేస్తే అది లాటరీ టికెట్ కథ, సైఫై కాదు.

మూడోది నాకు ఎక్కువ ఇష్టం, తెలుసుకోవడమే భవిష్యత్తుని మార్చేస్తుంది. ఫిలిప్ కె. డిక్ కథ 'ది మైనారిటీ రిపోర్ట్' (1956) చూడండి, సినిమా కాదు, కథ, రెండిటికీ చాలా తేడా. నేరాన్ని ముందే పసిగట్టే ముగ్గురు ఉంటారు, ఆ శాఖని నడిపే ఆండర్టన్ పేరే ఒకరోజు హంతకుడిగా కార్డు మీద వస్తుంది. మొదటి రిపోర్టు చంపుతాడంటుంది. రెండోది ఆ మొదటి రిపోర్టు అతను చదివాక ఏం చేస్తాడో చూస్తుంది, చంపడంటుంది. మూడోది ఆ రెండోది కూడా తెలిశాక ఏమవుతుందో చూసి మళ్ళీ చంపుతాడంటుంది. పైకి చూస్తే ఇద్దరు చంపుతాడన్నారు ఒకరు కాదన్నారు, మెజారిటీ తేలిపోయింది, కానీ నిజానికి మూడూ మూడు వేరే పరిస్థితుల గురించి చెప్పినవి, మెజారిటీ అనేదే లేదు. ఒక్క చిన్న కథలో ఇంత మెలిక ఎక్కడిదంటే, జోస్యం కూడా కథలో జరిగే ఒక సంఘటనే అని రచయిత గుర్తుపెట్టుకున్నాడు, అంతే.

ఈ మూడింటిలో ఏదైనా పర్లేదు. మొదటి సగం ఒకటి, రెండో సగం ఇంకొకటి మాత్రం వద్దు. పాఠకుడు చాలా క్షమిస్తాడు గానీ ఇది క్షమించడు.

జోస్యం మాటలు లాయర్ లాగా రాయండి

మనకి ఈ పని చిన్నప్పటినుంచి తెలుసు. హిరణ్యకశిపుడు ఇంట్లో కాదు బయట కాదు, పగలు కాదు రాత్రి కాదు, మనిషి వల్ల కాదు మృగం వల్ల కాదు అని ఎంత పకడ్బందీగా రాయించుకున్నాడు, గడప, సంధ్యవేళ, నరసింహుడు ఆ మాటల మధ్యలోంచే వచ్చాయి కదా. కంసుడికి ఆకాశవాణి ఎనిమిదో సంతానం అని నంబరు ఇచ్చింది గానీ ఆ పిల్లాడు ఎక్కడ పెరుగుతాడో చెప్పలేదు. చెప్పింది అబద్ధం కాదు, సరిపోలేదు, అంతే.

సైఫైలో ఈ "సరిపోకపోవడం" కి ఒక యంత్రాంగం చూపించాలి, దేవుడు అలా అన్నాడు అంటే కుదరదు. రాబర్ట్ సాయర్ 'ఫ్లాష్‌ఫార్వర్డ్' (1999) లో సెర్న్ అనే ఫిజిక్స్ పరిశోధనా కేంద్రంలో ఒక ప్రయోగం జరిగినప్పుడు ప్రపంచంలో అందరికీ 21 ఏళ్ళ తర్వాతి తమ జీవితం రెండు నిమిషాల కన్నా తక్కువ సేపు కనిపిస్తుంది. ఆ కాసేపే. ఎవరో తెలియని మనిషి పక్కన పడుకుని ఉన్నావు, ఎందుకో తెలీదు, పెళ్ళా ఇంకేమైనానా తెలీదు. కొంతమందికి ఏమీ కనిపించలేదు, అంటే అప్పటికి వాళ్ళు లేరన్నమాట. అలా ఏమీ కనిపించని ఒకడు తనని ఎవరో హత్య చేశారని మిగతావాళ్ళకి కనిపించిన ముక్కల్లోంచి ఏరుకోవాల్సి వస్తుంది, తన హత్య కేసుని తనే ముందుగా దర్యాప్తు చేసుకోవడం. చూపించే కిటికీ చిన్నది చేస్తే ఇంత కథ పుడుతుంది.

అసిమోవ్ 'ఫౌండేషన్' (పుస్తకంగా 1951, కథలుగా 1942 నుంచి) ఇంకో రకం కిటికీ. అందులో సైకోహిస్టరీ అనే శాస్త్రం మనుషుల గుంపుల్ని మాత్రమే లెక్కకట్టగలదు, ఒక్క మనిషిని కాదు, గ్యాసులో ఒక అణువు ఎటు పోతుందో చెప్పలేం గానీ మొత్తం గ్యాసు ప్రెషర్ చెప్పగలం కదా, ఆ లాజిక్. సామ్రాజ్యం కూలుతుంది, అది ఖాయం, తర్వాత 30 వేల ఏళ్ళ చీకటిని వెయ్యేళ్ళకి తగ్గించచ్చు, అదీ ప్లాన్. కానీ ఇంకో షరతుంది, జనానికి ఆ లెక్కలు తెలియకూడదు, తెలిస్తే ప్రవర్తన మారి లెక్క తప్పుతుంది. ఇలా ఒక షరతు పెట్టగానే అసిమోవ్‌కి ఎన్ని సీన్లు వచ్చాయో చూడండి, సంక్షోభం ముంచుకొచ్చాకో దాటిపోయాకో మాత్రమే ఆ శాస్త్రాన్ని కట్టిన హారి సెల్డన్ రికార్డింగ్ తెరుచుకుని లెక్క ఏం చెప్పిందో వినిపిస్తుంది. జోస్యం ముందు కాదు, వెనక వస్తుంది.

కాబట్టి మీ డ్రాఫ్ట్‌కి ముందు ఒక కాగితం మీద జోస్యం కచ్చితంగా ఏ మాటల్లో, ఏ బొమ్మలో, ఏ అంకెలో వస్తుందో రాసుకోండి. తర్వాత దాని కింద అందులో లేనివన్నీ రాయండి. మొదటిది రెండు లైన్లు, రెండోది రెండు పేజీలు ఉంటే మీ దగ్గర నవల ఉంది.

వాడు ఎవరికీ ఎందుకు చెప్పడు?

పాఠకుడు మొదటగా అడిగే ప్రశ్న ఇదే, "తెలుసు కదా, చెప్పొచ్చు కదా". దీనికి జవాబు లేని కథలు ఎన్ని చదివానో. పాత కథలు దీన్ని శాపంతో సర్దేశాయి, గ్రీకుల కసాండ్రాకి అన్నీ తెలుసు ఎవరూ నమ్మరు, మన జానపదాల్లో సహదేవుడికి అన్నీ తెలుసు చెప్తే తల పగిలిపోతుంది. మనం శాపం వాడలేం కాబట్టి మనిషిలోంచి తీయాలి. కర్ట్ వానెగట్ 'స్లాటర్‌హౌస్-ఫైవ్' (1969) లో బిల్లీ పిల్‌గ్రిమ్ ఎక్కిన విమానం కూలిపోతుందని అతనికి తెలుసు, అయినా నోరెత్తడు, ఎందుకంటే అందరిముందు పిచ్చోడిలా కనిపించడం ఇష్టంలేదు. అంత చిన్న కారణం! నవ్వొస్తుంది, తర్వాత కడుపులో ఏదో తిప్పుతుంది, ఎందుకంటే మనమూ అంతే చేస్తాం అని తెలుసు కాబట్టి.

ఒక ప్లాట్ కట్టి చూద్దాం

రూలు, జోస్యం మాటలు, ఎవరికీ చెప్పకపోవడానికి కారణం, ఈ మూడూ కలిపి చూపించడానికి ఒకటి అల్లుతున్నా. నాగార్జునసాగర్ డ్యామ్ కంట్రోల్ రూమ్, ఆగస్టు నెల, రిజర్వాయర్ 590 అడుగులకి ఇంకొన్ని అడుగులే తక్కువ. బుధవారం రాత్రి డ్యూటీలో ఉన్న ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) కంప్యూటర్ లాగ్ చూస్తుంటే చివర్లో ఒక ఎంట్రీ, శుక్రవారం తెల్లవారుజాము 4:10, క్రస్ట్ గేట్లు 26, అన్నీ ఎత్తి ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ తప్పు అనుకుంటాడు. కానీ అంతకుముందు వారం ఇలాగే ముందు తేదీతో వచ్చిన ఒక చిన్న ఎంట్రీ, ఫలానా టైముకి కరెంటు పోయిందని, అక్షరాలా నిజమైంది. (ఇది ముఖ్యం, పెద్ద జోస్యం కన్నా ముందు ఒక చిన్నది నిజం చేసి చూపించాలి, లేకపోతే క్యారెక్టర్ ఎందుకు నమ్మాడో అర్థం కాదు.)

ఇప్పుడు పైవాళ్ళకి ఏం చెప్తాడు? "సార్, లాగ్‌లో ఎల్లుండి కనిపించింది" అంటే మెమో ఇస్తారు. అందుకని సగం నిజం చెప్తాడు. శ్రీశైలంలో తెలిసిన ఇంజనీరుకి ఫోన్ చేసి, శుక్రవారానికి మేము మొత్తం గేట్లు ఎత్తే ఆలోచనలో ఉన్నాం, మీ దగ్గర పరిస్థితేంటి అని కూపీ లాగుతాడు, పైనుంచి పెద్ద వరద వస్తోందేమో కనుక్కుందామని. అక్కడ ఆయన ఇంకోలా అర్థం చేసుకుంటాడు, ఓహో కింద సాగర్ వాళ్ళు ఖాళీ చేసుకుంటున్నారన్నమాట, మేం ఇక 885 అడుగుల దగ్గర బిగపట్టుకుని కూర్చోవడం ఎందుకు అని తన పైవాళ్ళకి చెప్తాడు, అక్కడ గేట్లు లేస్తాయి. గురువారం రాత్రికి సాగర్‌కి ఇన్‌ఫ్లో లక్షల క్యూసెక్కుల్లోకి పోతుంది. 4:10 కి 26 గేట్లు ఎత్తక తప్పదు. ఎత్తించింది మన ఏఈ మాటే.

బిలియర్డ్స్ బంతి గుర్తొచ్చిందా. పక్కగా రాసుకుంది అంతే, మాయ లేదు, యాదృచ్ఛికం లేదు, ఒక్కొక్కరూ తమకి తెలిసినంతలో తెలివైన పనే చేశారు. ఇది కచ్చితంగా పాటించండి, విధి కథలో ఎవరినీ మూర్ఖుడిగా పెట్టకూడదు, ఒక్కడు తెలివితక్కువ పని చేసినా పాఠకుడు "ఇది విధి కాదు, రచయిత పని" అనేస్తాడు.

కానీ ఇక్కడితో ఆపేస్తే ఇది చిన్నకథ, ట్విస్టు బాగుంది అని వదిలేస్తారు. నవల కావాలంటే లాగ్‌లో లేని దాని దగ్గరికి రండి. లాగ్‌లో గేట్ల సంఖ్య ఉంది, టైము ఉంది. కింద నది ఒడ్డున వలలు వేసుకున్నవాళ్ళ గురించి ఒక్క ముక్క లేదు. వాళ్ళు బతికారో లేదో భవిష్యత్తు ఏమీ చెప్పలేదు. గురువారం మధ్యాహ్నానికి ఏఈకి గేట్లు ఆగవని అర్థమైపోతుంది, అప్పుడు వాడు కంట్రోల్ రూమ్ వదిలేసి నది కిందకి వెళ్తాడు. సగం నవల అక్కడినుంచి మొదలవుతుంది. మారనిది మారదని ఒప్పుకున్నాక కూడా చేయాల్సిన పని బోలెడు మిగిలి ఉంటుంది, సస్పెన్స్ అంతా ఆ మిగిలినదాంట్లో పెట్టాలి.

తెలిసినందుకు బిల్లు ఎవరు కడతారు

భవిష్యత్తు తెలిసిన క్యారెక్టర్‌ని సూపర్‌హీరోలా రాసేవాళ్ళు ఫ్రాంక్ హెర్బర్ట్ 'డ్యూన్' (1965) ఒక్కటే చదివి వదిలేసి ఉంటారని నా అనుమానం. దాని తర్వాతి భాగం 'డ్యూన్ మెసయ్యా' (1969) పాపం చాలామందికి నచ్చదు, స్లో అంటారు, కానీ ముందుచూపు గురించి రాయాలనుకునేవాళ్ళకి మొదటిదానికన్నా అదే పాఠ్యపుస్తకం. హీరో పాల్‌కి భవిష్యత్తు కనిపిస్తుంది, తన పేరు మీద జరగబోయే జిహాద్ కనిపిస్తుంది, దాన్ని తప్పించాలనే మొదటి పుస్తకమంతా తంటాలు పడతాడు, చివరికి తను చచ్చినా అది ఆగదని తెలుస్తుంది. రెండో పుస్తకం మొదలయ్యేసరికి 12 ఏళ్ళు గడిచాయి, 6,100 కోట్లమంది చచ్చారు. హీరో గెలిచిన కథకి ఇది సీక్వెల్!

అందులో ఒక భాగం ప్రత్యేకంగా చూడండి. ఒక ఆయుధం పేలి పాల్ కళ్ళు పోతాయి. కానీ అతను మామూలుగా నడుస్తుంటాడు, ఎదురుగా ఉన్నవాళ్ళ బట్టల రంగు కూడా చెప్తాడు, ఎందుకంటే ఈ రోజంతా అతను ముందే చూసేశాడు, ఆ చూసినదాన్ని గుర్తు చేసుకుంటూ దానికి తగ్గట్టు అడుగులు వేస్తున్నాడు. మొదట ఇదేదో అద్భుతశక్తి అనిపిస్తుంది. కాసేపటికి అసలు సంగతి అర్థమవుతుంది, చూపు కావాలంటే చూసిన దారి నుంచి ఒక్క అడుగు కూడా పక్కకి వేయకూడదు, ఒక్క మాట మార్చి మాట్లాడినా గుడ్డివాడైపోతాడు. ఆ దారి చివర్లో భార్య చానీ చనిపోతుందని తెలుసు, అయినా ఆ దారినే నడవాలి. ప్రసవంలో ఆమె చనిపోతుంది, అతను చూసింది ఒక్క ఆడపిల్లని, పుట్టింది కవలలు. అతను చూడని కొడుకు పుట్టిన క్షణం నుంచి నిజంగా చీకటి. ఒక ఐడియాని ఇంత దూరం లాగడం, ఆ ఐడియా లోంచే ఇంత నొప్పి తీయడం, ఇదీ పనితనం అంటే. మీ కథలో కూడా ముందుచూపుకి శరీరంలో, ఇంట్లో, పెళ్ళిలో ఎక్కడో ఒకచోట ఖరీదు పడాలి, "మానసికంగా చాలా బాధపడ్డాడు" అని రాస్తే చాలదు.

చిన్న సైజులో కావాలంటే టెడ్ చియాంగ్ ఒకటి రెండు పేజీల్లో చేసి చూపించాడు, 'వాట్స్ ఎక్స్‌పెక్టెడ్ ఆఫ్ అస్' (2005), నేచర్ అనే సైన్సు పత్రికలో వచ్చింది. చిన్న రిమోట్ లాంటి బొమ్మ, ఒక బటన్, ఒక లైటు. మీరు బటన్ నొక్కడానికి సెకను ముందు లైటు వెలుగుతుంది. మోసం చేద్దామని ఎంత ప్రయత్నించినా కుదరదు. అంతే కథ. కొన్నాళ్ళకి దాంతో ఆడినవాళ్ళలో మూడోవంతు మంది తిండి మానేసి కదలకుండా కూర్చుండిపోతారు. యుద్ధాలు లేవు సామ్రాజ్యాలు లేవు, ఒక లైటు చాలు. బడ్జెట్ లేని రచయితలకి ఇది మంచి వార్త.

ముందే చెప్పేస్తే ఎవడు చదువుతాడు

చదువుతారు. మనవాళ్ళు రామాయణం ఎన్నిసార్లు విన్నారు, సీతని ఎత్తుకుపోతారని తెలిసే విన్నారు కదా. వానెగట్ అయితే మొదటి చాప్టర్లోనే పుస్తకం ఎలా మొదలవుతుందో ఎలా ముగుస్తుందో చెప్పేస్తాడు, ఎడ్గార్ డెర్బీ అనే మంచి మనిషిని ఒక టీపాట్ దొంగతనానికి కాల్చి చంపేస్తారని కూడా ముందే చెప్తాడు, తర్వాత డెర్బీ కనిపించిన ప్రతిసారీ మనకి అది గుర్తొస్తుంది, ఆయన మామూలుగా సూప్ తాగుతున్నా సరే. డ్రెస్డెన్ మీద 1945 ఫిబ్రవరిలో బాంబులు పడ్డప్పుడు వానెగట్ అక్కడే యుద్ధఖైదీగా ఉన్నాడు, జరిగిపోయినదాన్ని మార్చలేని మనిషి రాసిన పుస్తకం అది, అందుకేనేమో అందులో విధి అనేది తెలివి ప్రదర్శనలా ఉండదు.

చియాంగ్ 'స్టోరీ ఆఫ్ యువర్ లైఫ్' (1998) ఇంకో మెట్టు పైన. గ్రహాంతరవాసుల భాష నేర్చుకున్న లూయిస్‌కి తన జీవితం మొత్తం ఒకేసారి తెలిసిపోతుంది, ఇంకా పుట్టని కూతురు 25 ఏళ్ళకి కొండెక్కుతూ పడి చనిపోతుందని కూడా. తెలిసీ కంటుంది. మనకి ఇది కొత్తేం కాదు, సత్యవంతుడు సరిగ్గా ఏడాదికి చనిపోతాడని నారదుడు చెప్పాక కూడా సావిత్రి అతన్నే చేసుకుంది. తేడా ఏంటంటే సావిత్రి దగ్గర యముడిని మాటల్లో పడేసే ఛాన్సుంది, వందమంది కొడుకులు కావాలని వరం అడిగి ఇరికించేసింది, లూయిస్‌కి ఎదురుగా యముడే లేడు, వెలుతురు నడిచే దారి గురించి ఫెర్మా చెప్పిన సూత్రం ఉంది. వెలుతురు తక్కువ టైము పట్టే దారిలో పోతుంది అంటే బయల్దేరక ముందే ఎక్కడికి చేరాలో దానికి తెలిసినట్టుంటుంది కదా, కథ మొత్తం ఆ ఒక్క చిత్రం మీద కట్టాడు. సైఫై ఎందుకు రాయాలి, పురాణం చాలదా అని ఎవరైనా అడిగితే నేను ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తా.

ఆ కథలో కూతురితో మాట్లాడే భాగాలన్నీ జ్ఞాపకాల్లా ఉంటాయి కానీ క్రియలు భవిష్యత్తులో ఉంటాయి. తెలుగులో ఈ పని ఇంకా సులువు, ఎందుకంటే మన దగ్గర రోజూ జరిగేదానికీ రేపు జరగబోయేదానికీ ఒకే క్రియారూపం. "నాన్న రోజూ ఆరింటికి లేస్తాడు, గేటు తీస్తాడు, పాలబ్బాయితో గొడవపడతాడు, ఆదివారం చికెన్ తెస్తాడు, గురువారం చనిపోతాడు." ఏ ఫ్లాష్‌ఫార్వర్డ్ టెక్నిక్కూ అక్కర్లేకుండా వాక్యం తనంతట తనే కాలం దాటేసింది. దీన్ని పేజీకొకటి వాడితే విసుగొస్తుంది, నవల మొత్తమ్మీద ఏ నాలుగైదు చోట్లో పెట్టండి.

బయటపడే దారులు, ఒక ఉచ్చు

కొంతమందికి విధి చివర్లో విరగాలి, సరే, కానీ విరిచే వస్తువు మీ మొదటి రూల్లోంచే రావాలి. సైకోహిస్టరీ గుంపులనే లెక్కకడుతుంది అన్నాడు కాబట్టి అసిమోవ్ దాన్ని మ్యూల్ అనే ఒక్క మనిషితో, మనసుల్ని మార్చగల మ్యూటంట్‌తో బద్దలు కొట్టాడు. డ్యూన్‌లో ముందుచూపు ఉన్నవాళ్ళు ఒకరికొకరు మసకగా కనిపిస్తారు, కుట్రదారులు అందుకే ముందుచూపుతో అంతరిక్ష ఓడలు నడిపే ఒక గిల్డ్ నావిగేటర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని పాల్‌కి కనపడకుండా కుట్ర చేస్తారు, ఇంకో రెండు పుస్తకాల తర్వాత 'గాడ్ ఎంపరర్ ఆఫ్ డ్యూన్' (1981) కి వచ్చేసరికి ఎవరి ముందుచూపుకీ అందని సియోనా అనే అమ్మాయి పుడుతుంది, పుట్టించడానికే వేల ఏళ్ళు పట్టింది. అప్పటికప్పుడు ప్రేమ గెలిచింది, సంకల్పబలం గెలిచింది అంటే ఎవరూ నమ్మరు.

ఉచ్చు ఏంటంటే గుండ్రంగా తిరిగే కారణం. హైన్‌లైన్ 'బై హిజ్ బూట్‌స్ట్రాప్స్' (1941) లో ఒకడు భవిష్యత్తులో దొరికిన, అక్కడి భాష మాటలు రాసున్న పుస్తకం అరిగిపోతే కొత్తదాంట్లో కాపీ చేసుకుంటాడు, తర్వాత తెలుస్తుంది తనకి మొదట దొరికిందీ ఈ కాపీయే అని. మరి ఆ మాటలు మొదట సేకరించిందెవరు? ఎవరూ లేరు. ఇది ఒక కథలో ఒకసారి వాడితే తల తిరుగుతుంది, రెండోసారికి సోమరితనంలా కనిపిస్తుంది, ముఖ్యంగా మీ ప్లాట్‌లో ఏదైనా కనిపెట్టడం కష్టంగా ఉన్నచోట దీన్ని వాడారంటే పట్టేస్తారు. వస్తువులు గుండ్రంగా తిరిగితే ఇంకో చిక్కు, ప్రతి చుట్టుకీ అవి పాతబడాలి కదా, హైన్‌లైన్ కాబట్టి కొత్త పుస్తకంలో కాపీ చేయించి దాటేశాడు, మీరు చేతి గడియారం పెట్టారనుకోండి, ఇరుక్కుంటారు.

డ్రాఫ్ట్ అయ్యాక ఒక పట్టిక గీయండి, మూడు గళ్ళు, ఒకదాంట్లో నిజంగా జరిగింది, ఒకదాంట్లో ఆ టైముకి క్యారెక్టర్‌కి తెలిసింది, ఒకదాంట్లో పాఠకుడికి తెలిసింది. ఏ చాప్టర్లో అయినా మూడు గళ్ళూ ఒకేలా ఉన్నాయంటే ఆ చాప్టర్ చప్పగా ఉంటుంది, అక్కడ ఏదో దాచాలి లేదా ఏదో ముందే బయటపెట్టాలి. తర్వాత సగం నవల మీ కథలు ఎప్పుడూ చదవని మనిషికి ఇచ్చి ఎలా ఉంది అని అడక్కండి, "నువ్వైతే ఎలా తప్పించుకునేవాడివి" అని అడగండి. వాళ్ళు చెప్పిన మొదటి రెండు మూడు ఐడియాలు మీ హీరో ట్రై చేయలేదంటే అవి ట్రై చేయించి ఫెయిల్ చేయాలి, అదీ ఫస్టాఫ్‌లోనే, ఒక్కోదానికి పేజీ చాలు. మరీ ముఖ్యంగా ఎవడైనా ఒకసారి ఊరొదిలి పారిపోడానికి చూశాడా లేదా అన్నది చెక్ చేసుకోండి, కనీసం బస్టాండ్ దాకా అయినా.